సూది తీశాక రక్తం ఏమవుతుంది?

"డాక్టరుగారూ! సోమవారం మా వూళ్ళో రక్తం ఇస్తే హార్మోను ఒక అంకె వచ్చింది. గురువారం హైదరాబాదులో ఇస్తే ఇంకో అంకె వచ్చింది. మూడు రోజుల్లో నా వొంట్లో అంత మార్పు వచ్చేసిందా? లేక ఇద్దరిలో ఒకరు మోసం చేస్తున్నారా?"

ఈ మాట వినకుండా నాకు వారం గడవదు. అడిగేవారి ముఖంలో కోపం కనిపిస్తుంది. దాని వెనకాల భయం వుంటుంది. రెండుసార్లు డబ్బు ఖర్చయిందన్న బాధ సరేసరి. పక్కింటివారెవరో "ల్యాబులన్నీ ఇంతేనండీ, అంకెలు వాళ్ళే వేసేస్తారు" అని ఒక మాట అనేసి వుంటారు.

అలా వేసేవాళ్ళు ఎక్కడైనా వుంటే వుండవచ్చు. కాని నేను చూసినంతలో చాలాసార్లు జరిగేది మోసం కాదు. మీ నరంలోంచి సూది బయటికి వచ్చిన క్షణానికీ, ఆ రక్తం యంత్రంలోకి వెళ్ళిన క్షణానికీ మధ్య కొంత కాలం గడుస్తుంది. కొన్నిచోట్ల అరగంట, కొన్నిచోట్ల ఒకటిన్నర రోజు. ఆ కాలంలో రక్తం వూరికే కూర్చోదు. పరీక్షల్లో జరిగే పొరపాట్లను లెక్కకట్టి చూసినవారు చెప్పేది కూడా ఇదే. వాటిలో సగానికి పైగా రక్తం యంత్రం దాకా చేరకముందే జరిగిపోతాయి.

ఈ వారం ఆ మధ్యకాలం గురించి చెబుతాను. ఇది ల్యాబువాళ్ళ గొడవ, మనకెందుకు అనుకోకండి. ఒక్కొక్కప్పుడు ఆ అంకెను పట్టుకునే ఆపరేషను చెయ్యాలా వద్దా అని నిర్ణయిస్తారు.

గొట్టంలోనూ రక్తం బతికే వుంటుంది

ముందు మీకందరికీ తెలిసిన షుగరు పరీక్ష తీసుకుందాం. ట్యూబులోకి తీసిన రక్తంలో ఎర్రకణాలు ఇంకా బతికే వుంటాయి. వాటికి ఆకలి వేస్తుంది. అందుబాటులో వున్న గ్లూకోజును తింటూ పోతాయి. మామూలు గది వేడిలో గంటకు నూటికి అయిదు నుంచి ఏడు వంతుల దాకా గ్లూకోజు తగ్గుతుంది. అంటే 150 వున్న షుగరు, కణాలను విడదీయకుండా మూడు గంటలు అలాగే వదిలేస్తే, 125కి దగ్గరగా దిగిపోవచ్చు. మీరు మందు వేసుకోలేదు, పథ్యం చేయలేదు. షుగరు మాత్రం "తగ్గింది"!

అందుకే షుగరు కోసం వేరే మందు కలిపిన ట్యూబు వాడతారు. లేదా రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిరగిరా తిప్పి, కణాలను అడుగుకు చేర్చి, పైన తేరిన పసుపుపచ్చని నీటిని వేరు చేస్తారు. గడ్డ కట్టాక తేరిన నీరు అయితే సీరం అంటారు. గడ్డ కట్టకుండా మందు కలిపి తీస్తే ప్లాస్మా అంటారు.

హార్మోన్ల విషయం ఇంతకంటె సున్నితం. హార్మోను అనే మాటను 1905లో స్టార్లింగ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త వాడుకలోకి తెచ్చాడు. ఒకచోట పుట్టి, రక్తంలో ప్రయాణం చేసి, ఇంకోచోట పని చేయించే వార్తాహరి అన్నమాట. ఈ వార్తాహరులు రక్తంలో ఎంత కొద్దిగా వుంటాయో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఎ.సి.టి.హెచ్. అనే హార్మోను ఆరోగ్యవంతుడిలో పొద్దునపూట ఒక మిల్లీలీటరు ప్లాస్మాలో సుమారు 10 నుంచి 60 పికోగ్రాములు వుంటుంది. పికోగ్రాము అంటే గ్రాములో లక్షకోట్ల వంతు. దాన్ని మామూలు తక్కెడలో తూచలేం.

ఆ కొద్దిపాటిని కొలిచే ఉపాయం 1950లలో అమెరికాలో రోసలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనే ఇద్దరు కనిపెట్టారు. మొదట ఇన్సులిన్‌ను కొలిచారు. ఆ పనికి 1977లో యాలోకు నోబెల్ బహుమతి వచ్చింది. బెర్సన్ 1972లోనే కన్నుమూశాడు గనుక ఆయనకు ఆ భాగ్యం దక్కలేదు. ఇవాళ్టి యంత్రాలూ అదే దారిలో నడుస్తాయి. హార్మోనును పట్టుకునే యాంటీబాడీలు వుంటాయి. ఒకటి తల పట్టుకుంటుంది, ఇంకొకటి తోక పట్టుకుంటుంది. రెండూ దొరికితేనే యంత్రం దాన్ని ఒకటిగా లెక్కవేస్తుంది. ట్యూబులో వుండగానే ఆ హార్మోను మధ్యకు తెగిపోయిందనుకోండి. తల ఒకచోట, తోక ఒకచోట. యంత్రం లెక్కలోకి రాదు. యంత్రం తప్పు చెయ్యలేదు, ఉన్నదే చెప్పింది. కాని మీ వొంట్లో ఉన్నది అది కాదు.

ఆవకాయ, కొబ్బరిపచ్చడి

హార్మోన్లన్నీ ఒక్క తీరుగా చెడవు. మీ వంటింట్లో చూడండి. ఆవకాయ జాడీ ఏడాది నిలుస్తుంది. కొబ్బరిపచ్చడి పొద్దున చేస్తే, ఎండాకాలమైతే సాయంత్రానికే పులుస్తుంది. రెండూ పచ్చళ్ళే!

కార్టిసోల్, టెస్టోస్టిరోన్ వంటి స్టీరాయిడ్లు, విటమిన్ డి, థైరాయిడ్ హార్మోన్లు ఆవకాయ జాతివి. సీరం వేరు చేశాక చల్లగా వుంచితే రోజుల తరబడి పెద్దగా మారవు. మీలో ఎక్కువమంది చేయించుకునే టి.ఎస్.హెచ్. కూడా మొండిదే. కాబట్టి థైరాయిడ్ అంకె కాస్త అటూ ఇటూ అయితే ట్యూబు పాడైందని వెంటనే అనుకోకండి. టి.ఎస్.హెచ్. రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా వుంటుంది. ఒక ల్యాబు పద్ధతికీ ఇంకో ల్యాబు పద్ధతికీ తేడా వుంటుంది. జుట్టు కోసం, గోళ్ళ కోసం వేసుకునే ఎక్కువ మోతాదు బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాలను తప్పుదారి పట్టిస్తాయి. ముందు వాటిని చూడాలి.

అయితే ఆవకాయలోనూ తడిగరిటె పెడితే బూజు పడుతుంది. ట్యూబు అడుగున కణాలను వేరు చేయడానికి వాడే జిగురు వంటి పదార్థం కొన్ని రకాల్లో ప్రొజెస్టిరోన్‌ను పీల్చుకుంటుంది. దాని మీద సీరం ఎక్కువ కాలం నిలవుంటే అంకె తగ్గుతుంది. ఆస్పత్రిలో హెపారిన్ ఇంజక్షన్ల మీద వున్నవారి రక్తం నిలవుంటే, అందులోని కొవ్వు విడిపోయి, ఫ్రీ టి4 లేనిపోని ఎక్కువ చూపవచ్చు.

ఇక కొబ్బరిపచ్చడి జాతి. ఎ.సి.టి.హెచ్., పి.టి.హెచ్., ఇన్సులిన్ వంటివి అమినో ఆమ్లాల గొలుసులు. ఎ.సి.టి.హెచ్.లో 39, ఇన్సులిన్‌లో 51, పి.టి.హెచ్.లో 84 పూసలు. మన రక్తంలోనే ఈ గొలుసులను తెంపే ఎంజైములు వున్నాయి. వొంట్లో వున్నప్పుడు గ్రంథి కొత్తవి పంపుతూ వుంటుంది గనుక లెక్క సరిపోతుంది. ట్యూబులో కొత్తవి పంపేవారు ఎవరూ లేరు. తెంపేవాళ్ళు మాత్రం వుంటారు. వేడి పెరిగేకొద్దీ వాళ్ళ చేతులు చురుగ్గా ఆడతాయి.

ఇన్సులిన్‌కు ఇంకో గండం వుంది. ఎర్రకణాల్లోనే దాన్ని తినేసే ఎంజైము దాగి వుంటుంది. రక్తం తీసేటప్పుడు సిరంజిని గట్టిగా లాగినా, ట్యూబును విదిలించినా కణాలు పగిలి, ఆ ఎంజైము బయటపడుతుంది. సీరం పసుపుపచ్చగా కాక ఎర్రగా కనిపిస్తే ఇన్సులిన్ అంకెను నమ్మకూడదు.

పి.టి.హెచ్.కు వంకాయరంగు మూత వున్న ట్యూబు నయం. అందులోని ఇ.డి.టి.ఎ. అనే మందు, కొన్ని ఎంజైములకు పని చేయడానికి కావలసిన కాల్షియంను పట్టేస్తుంది. కాని అదే ట్యూబులో కాల్షియం కొలిస్తే మాత్రం అంకె పాతాళంలో వుంటుంది. అందుకే ఈ రెండు పరీక్షలకూ రెండు ట్యూబులు తీస్తారు. "ఒక్క చెంచాడు చాలదా, ఎందుకండీ ఇంత రక్తం" అని కసరకండి.

ఆపరేషను దాకా వెళ్ళిన అంకె

కొన్నేళ్ళ కిందట ఒక మే నెలలో నా దగ్గరికి ఒక ఉపాధ్యాయురాలు వచ్చింది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. ముఖం గుండ్రంగా ఉబ్బింది. కాళ్ళూ చేతులూ సన్నబడ్డాయి, పొట్ట పెరిగింది. పొట్ట మీద వంకాయరంగు చారలు. బి.పి.కి మూడు రకాల మాత్రలు, కొత్తగా వచ్చిన షుగరు. పీట మీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోతోంది. కార్టిసోల్ ఎక్కువైందని పరీక్షల్లో అప్పటికే తేలింది. దీన్ని కుషింగ్ సిండ్రోమ్ అంటారు.

కార్టిసోల్‌ను తయారుచేసేవి మూత్రపిండాల మీద టోపీల్లా వుండే అడ్రినల్ గ్రంథులు. వాటికి హుకుం జారీ చేసేది మెదడు కింద వుండే పిట్యూటరీ. ఆ హుకుం పేరే ఎ.సి.టి.హెచ్. ఇప్పుడు ప్రశ్న ఒక్కటే. తప్పు ఎవరిది? పైనుంచి హుకుం ఎక్కువగా వస్తోందా, లేక హుకుం లేకుండానే అడ్రినల్ తనంతట తాను తయారుచేస్తోందా? ఎ.సి.టి.హెచ్. బాగా తక్కువగా వుంటే దోషి అడ్రినల్. తక్కువగా లేకపోతే చాలామందిలో దోషి పిట్యూటరీ.

ఆమె రిపోర్టులో ఎ.సి.టి.హెచ్. 8 అని వుంది. స్కానింగులో ఎడమ అడ్రినల్ మీద చిన్న గడ్డ కనిపించింది. రెండూ అతికినట్టు సరిపోయాయి. ఎడమ అడ్రినల్ తీసేయడానికి ఆపరేషను తేదీ కూడా ఖాయమైంది. రెండో అభిప్రాయం కోసం తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది.

ఫిల్ము చూస్తే నాకు ఒక్కటి నచ్చలేదు. ఎడమ అడ్రినల్ స్వతంత్రంగా పని చేస్తూ వుంటే, పైనుంచి హుకుం ఆగిపోయి కుడివైపుది ముడుచుకుపోవాలి. ఆమెకు కుడిది నిండుగా వుంది. అడ్రినల్ మీద ఏ హానీ చేయని చిన్న గడ్డలు స్కానింగు చేసిన వందమందిలో నలుగురైదుగురికి కనిపిస్తూనే వుంటాయి. గడ్డ వున్నంత మాత్రాన అదే దోషి అనడానికి లేదు.

"రక్తం ఎక్కడిచ్చారమ్మా?" అని అడిగాను.

"మా వూళ్ళోనే సార్, సాయంత్రంపూట" అంది.

"మంచులో పెట్టారా?"

అక్కాతమ్ముళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. "లేదండీ. మిగతా ట్యూబులతో పాటే పెట్టెలో పెట్టి రాత్రి బస్సుకు వేశాడు" అన్నాడు తమ్ముడు.

రిపోర్టు మూలలో రెండు సమయాలు వున్నాయి. రక్తం తీసినది సాయంత్రం అయిదున్నర. ల్యాబుకు అందినది మర్నాడు పదకొండు. మధ్యలో పదిహేడున్నర గంటలు. మే నెల, బస్సు డిక్కీ! పైగా తీసింది మందు లేని మామూలు ట్యూబులో.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మళ్ళీ తీయించాను. ముందే మంచులో చల్లబరిచిన ప్లాస్టిక్ ట్యూబు, అందులో ఇ.డి.టి.ఎ. తీసిన వెంటనే మంచులో దింపి, చల్లగా తిరిగే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మా వేరు చేశారు. గాజు ట్యూబు వద్దన్నాను. ఎ.సి.టి.హెచ్. గాజు గోడకు అంటుకుపోతుంది. ఈసారి వచ్చిన అంకె 41. ఇంకో రోజు మళ్ళీ తీస్తే అటూ ఇటూగా అంతే. ఎం.ఆర్.ఐ. తీస్తే పిట్యూటరీలో గోరంత గడ్డ కనిపించింది. ముక్కులోంచి వెళ్ళి దాన్ని తీశారు. ఏడాది తిరిగేసరికి బి.పి. మాత్రలు మూడు కాస్తా ఒకటికి వచ్చాయి. ఆమె మళ్ళీ బడికి వెళ్తోంది.

మొదటి అంకెను నమ్మి వుంటే ఏమయ్యేది? ఏ పాపమూ ఎరగని అడ్రినల్ పోయేది, జబ్బు అలాగే వుండేది. ఆ రక్తం తీసిన కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. ఎ.సి.టి.హెచ్.కు మంచు కావాలని అతనికి ఎవరూ చెప్పలేదు. అడగాలని వీళ్ళకూ తెలియదు.

మంచు అందరికీ మేలు చేయదు

ఇది చదివి "అయితే ఏ పరీక్షకైనా మంచులో పెట్టమందాం" అనుకుంటారేమో. ఆగండి. అరటిపండు ఫ్రిజ్‌లో పెడితే ఏమవుతుంది? నల్లబడుతుంది. హార్మోన్లలోనూ అరటిపండ్లు వున్నాయి.

చిన్న వయసులోనే బి.పి. బాగా ఎక్కువగా వున్నవారికీ, పొటాషియం తగ్గినవారికీ ఆల్డోస్టిరోన్, రెనిన్ అనే రెండింటినీ కొలిచి నిష్పత్తి చూస్తాం. ఆల్డోస్టిరోన్ ఎక్కువ, రెనిన్ తక్కువ వుంటే ఆ బి.పి.కి అడ్రినల్ కారణం కావచ్చు. కొందరికి ఆపరేషనుతో, కొందరికి సరైన మాత్రతో బి.పి. దారికి వస్తుంది. రక్తంలో రెనిన్‌తో పాటు, దానికంటె చాలా ఎక్కువగా, ప్రోరెనిన్ అనే నిద్రపోతున్న రూపం వుంటుంది. ట్యూబును మంచులోనో ఫ్రిజ్‌లోనో పెడితే ఆ చలికి ప్రోరెనిన్ మేలుకొని రెనిన్‌గా మారుతుంది. తక్కువ వుండాల్సిన రెనిన్ ఎక్కువగా కనిపిస్తుంది. నయం చేయగలిగిన బి.పి. "మామూలు బి.పి." కింద జమ అయిపోతుంది. అందుచేత రెనిన్ రక్తాన్ని గది వేడిలోనే వుంచి, వెంటనే ప్లాస్మా తీసి, ఒక్కసారిగా గడ్డ కట్టించాలి. చల్లగా వుంచి, గడ్డ కట్టించకపోవడమే ప్రమాదం.

నిలవుంటే అంకె తగ్గుతుందనే నియమం కూడా లేదు. పిల్లల కోసం చికిత్స చేయించుకునే స్త్రీలకు, అండాశయంలో అండాల నిల్వ అంచనా కోసం ఎ.ఎం.హెచ్. పరీక్ష చేస్తారు. అప్పట్లో విరివిగా వాడిన ఒక పరీక్ష పద్ధతిలో, రక్తం గది వేడిలో నిలవున్న కొద్దీ అంకె పెరుగుతోందని 2012లో ఇంగ్లండులోని మాంచెస్టర్ పరిశోధకులు చూపించారు. ఆ తర్వాత పద్ధతిని సవరించారు, కొత్త పద్ధతులూ వచ్చాయి. కాని ఎన్ని ఇళ్ళలో ఆ అంకె చూసి ఆశపడి వుంటారో ఆలోచించండి. నిల్వ తగ్గినా తగ్గనట్టు కనిపిస్తే, ఆ దంపతులు పోగొట్టుకునేది కాలం. అది తిరిగి రాదు.

పసిబిడ్డ మడమ నుంచి తీసిన చుక్క

ఇంకో మాట. ఈ రోజుల్లో చాలా ఆస్పత్రుల్లో పుట్టిన బిడ్డ మడమ మీద పొడిచి, రక్తపు చుక్కలను ఒక దళసరి కాగితం మీద అద్దుతున్నారు. పుట్టుకతో థైరాయిడ్ లోపం వుందేమో దాంతో తెలుస్తుంది. కనిపెట్టి మొదటి వారాల్లోనే మందు మొదలుపెడితే బిడ్డ తెలివితేటలు దక్కుతాయి. పుట్టగానే టి.ఎస్.హెచ్. సహజంగా ఎగిసిపడుతుంది గనుక సాధారణంగా రెండు రోజులు దాటాక తీస్తారు.

ఆ కాగితాన్ని నీడలో, బల్లపరుపుగా, మూడు నాలుగు గంటలు ఆరనివ్వాలి. ఎండలో పెట్టకూడదు, వేడిగాలి కొట్టకూడదు. తడిగా వుండగా ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మకు పాడవుతుంది. ఒకవేళ "చుక్క సరిగా రాలేదు, బిడ్డను మళ్ళీ తీసుకురండి" అని కబురు వస్తే, బాలింత ప్రయాణం చేయకూడదనో, పాపను ఇంకోసారి పొడవనివ్వమనో మానేయకండి. అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఇది ప్రత్యేకించి నా విన్నపం.

మీరు చేయవలసినవి

పరీక్ష రాసిన డాక్టరును, "దీనికి ప్రత్యేకమైన ట్యూబుగాని మంచుగాని కావాలా?" అని అడగండి. అలా అడగడం అనుమానించడం కాదు.

మంచు కావలసిన పరీక్ష అయితే, సూది గుచ్చకముందే మంచు సిద్ధంగా వుందో లేదో చూడండి. రక్తం తీశాక ఐసు కోసం పరుగెత్తడం దాహం వేశాక బావి తవ్వడమే.

"రక్తాన్ని ఇక్కడే తిప్పి వేరు చేస్తారా, అలాగే పంపుతారా? ఎప్పటికి చేరుతుంది?" అని ల్యాబులో అడగండి. ఎ.సి.టి.హెచ్., రెనిన్ వంటి వాటికి, వీలైతే ఆ పరీక్ష జరిగే ల్యాబుకే వెళ్ళి పొద్దున్నే ఇవ్వండి. బస్సు చార్జీ దండగ అనుకోకండి. దూరం పంపక తప్పకపోతే, శనివారం సాయంత్రం, పండగ ముందు రోజు ఇవ్వకండి.

రిపోర్టు రాగానే అంకె ఒక్కటే చూడకండి. రక్తం తీసిన సమయం, ల్యాబుకు అందిన సమయం చూడండి. తీసిన సమయం దగ్గర ఖాళీ వుంటే అడిగి రాయించుకోండి. కణాలు పగిలినట్టు కింద ఏదైనా రాసి వుంటే డాక్టరుకు చూపించండి.

రక్తం ట్యూబును ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టకండి. కణాలు వేరు చేయని రక్తం గడ్డకట్టి కరిగితే ఎర్రకణాలు పగిలిపోతాయి. ఇంట్లో మంచు పేరుకోని రకం ఫ్రిజ్ ఫ్రీజరు తనంతట తాను అప్పుడప్పుడు వెచ్చబడుతూ వుంటుంది. ఐస్‌క్రీముకు పరవాలేదు, హార్మోనుకు పనికిరాదు.

"మీ శాంపిల్ పాడైంది, మళ్ళీ ఇవ్వండి" అని ల్యాబు చెబితే కోపగించుకోకండి. చెడిన రక్తంతో అంకె వేసి ఇవ్వడం సులభం. వద్దని చెప్పడమే కష్టం. అలా చెప్పే ల్యాబు మీకు మేలు చేస్తోంది.

అన్నిటికంటె ముఖ్యమైనది చివర చెబుతున్నాను. వొంట్లో లక్షణాలు ఒకటి చెబుతూ, రిపోర్టు ఇంకొకటి చెబుతూ వుంటే, పెద్ద ఆపరేషనుకు ఒప్పుకునే ముందు, జీవితాంతం వాడాల్సిన మాత్ర మొదలుపెట్టే ముందు, ఆ పరీక్షను సరైన పద్ధతిలో ఇంకొక్కసారి చేయించమని మీ డాక్టరును మర్యాదగా కోరండి. మంచి డాక్టరు ఎవరూ దీనికి నొచ్చుకోరు. అయితే మీ అంతట మీరే మందు మానేసి కూర్చోవద్దు. అనుమానం వచ్చింది అంకె మీద, మందు మీద కాదు.